బత్తాలో 5 డాలర్ల తేడా: కరోల్ హచిన్స్ కెరీర్‌ను ఎలా చదవాలి

1978-79 సీజన్‌లో అమెరికాలోని మిషిగన్ స్టేట్ యూనివర్సిటీకి రెండు బాస్కెట్‌బాల్ జట్లు ఉండేవి. ఒకటి మగపిల్లలది. అందులో మ్యాజిక్ జాన్సన్ ఉన్నాడు, ఆ మార్చిలో ఆ జట్టు జాతీయ చాంపియన్ అయింది. రెండోది ఆడపిల్లలది. రెండు జట్లూ ఒకే యూనివర్సిటీ పేరున్న చొక్కాలు వేసుకుని ఊళ్లు తిరిగి ఆడేవి. బయటి ఊళ్లో ఆట ఉన్న రోజు భోజనానికి మగపిల్లలకు 16 డాలర్ల బత్తా ఇచ్చేవారు. ఆడపిల్లలకు 11 డాలర్లు.

ఆ తేడాను ఆడపిల్లలు ఫెడరల్ కోర్టుకు తీసుకెళ్లారు. ఆ దావా కాగితాల మీద మొదటి పేరు కరోల్ హచిన్స్ అనే 21 ఏళ్ల విద్యార్థినిది.

43 ఏళ్ల తర్వాత, 2022 ఆగస్టులో, అదే హచిన్స్ యూనివర్సిటీ ఆఫ్ మిషిగన్ సాఫ్ట్‌బాల్ కోచ్‌గా రిటైర్ అయ్యారు. అప్పటికి ఆమె జట్లు గెలిచిన మ్యాచ్‌లు 1,707. అమెరికా కాలేజీ క్రీడల్లో పై మెట్టు అయిన డివిజన్ 1 సాఫ్ట్‌బాల్‌లో అప్పటిదాకా ఏ కోచ్‌కూ అన్ని విజయాలు లేవు. ఆమె గురించి చెప్పేవాళ్లు మామూలుగా ఈ అంకెతోనే మొదలుపెడతారు. నాకు మాత్రం ఆ 1,707 అర్థం కావాలంటే ముందు ఆ 5 డాలర్ల సంగతి తెలియాలనిపిస్తుంది. కోచ్ ఎన్ని గెలిచారన్నది లెక్కపెట్టడం సులువు. ఏ వసతులతో గెలిచారు, ఆ ఉద్యోగమే ఎలా పుట్టింది, ఆమె ముందు ఏ తలుపులు మూసి ఉన్నాయి అన్నవి లెక్కపెట్టడం కష్టం. హచిన్స్ కెరీర్‌లో ఈ రెండు రకాల లెక్కలూ పెనవేసుకుని ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా విడదీసి చూద్దాం.

ముందు ఆట గురించి కొంచెం. మన దగ్గర స్కూల్ గేమ్స్ జాబితాలో సాఫ్ట్‌బాల్ పేరు ఉంటుంది, జిల్లా జట్లకు ఎంపికలూ జరుగుతాయి. అయినా చూసినవాళ్లు తక్కువే. 1887లో షికాగోలోని ఒక బోట్ క్లబ్ హాల్లో బాక్సింగ్ గ్లోవ్‌ను కట్టి బంతిలా చేసి, చీపురు కర్రను బ్యాట్‌లా పట్టుకుని ఆడిన సరదా ఆట నుంచి ఇది పుట్టింది. బేస్‌బాల్‌కు చెల్లెలి వరస. బంతి పెద్దది, చుట్టుకొలత 12 అంగుళాలు. మైదానం చిన్నది. పరుగు కోసం వరసగా తాకుతూ వెళ్లాల్సిన గుర్తుల్ని బేస్‌లంటారు. బేస్‌కూ బేస్‌కూ మధ్య 60 అడుగులు, బేస్‌బాల్‌లో అయితే 90. తొమ్మిది ఇన్నింగ్స్ బదులు ఏడు. పిచర్ చేతిని గాలిమరలా ఒక చుట్టు తిప్పి కింది నుంచి బంతి విసురుతుంది.

కింది నుంచి విసరడమే కదా, ఏముంది అనుకుంటే పొరపాటు. కాలేజీ స్థాయిలో పిచర్ నిలబడేది 43 అడుగుల దూరంలో. మంచి పిచర్ విసిరిన బంతి గంటకు 110 కిలోమీటర్ల వేగంతో వస్తుంది. బ్యాటర్‌కు అర సెకను కూడా దొరకదు. పేరులో ‘సాఫ్ట్’ ఉందని బంతి మెత్తగా ఉంటుందనుకోవద్దు, చేతికి తగిలితే తెలుస్తుంది.

37 పదాల చట్టం

1972 జూన్ 23న అప్పటి అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్ సంతకంతో ఒక విద్యా చట్టం వచ్చింది. అందులో తొమ్మిదో భాగాన్ని ‘టైటిల్ 9’ అంటారు. దాని ముఖ్య వాక్యం ఇంగ్లిష్‌లో 37 పదాలే. ఫెడరల్ ప్రభుత్వ డబ్బు అందుకునే ఏ విద్యా కార్యక్రమంలోనూ ఆడ, మగ అన్న కారణంగా ఎవరినీ దూరం పెట్టకూడదు, వివక్ష చూపకూడదు అన్నది దాని సారం. ఆటల మాట ఆ వాక్యంలో ఎక్కడా లేదు. దాన్ని ముందుకు నడిపిన ప్యాట్సీ మింక్, ఈడిత్ గ్రీన్, బర్చ్ బై లాంటి చట్టసభ సభ్యులు ముఖ్యంగా ఆలోచించింది కాలేజీ సీట్ల గురించి, ఉద్యోగాల గురించి. ఆ రోజుల్లో ఆడపిల్లలకు ఇన్ని సీట్లే అని పరిమితి పెట్టుకున్న కాలేజీలు ఉండేవి.

కానీ అమెరికా యూనివర్సిటీల్లో ఆటలు కూడా చదువులో భాగమే. ఆ లెక్కన చట్టం ఆటలకూ వర్తిస్తుంది. 1975లో ప్రభుత్వం ఆ సంగతి స్పష్టం చేస్తూ నియమాలు ఇచ్చింది, కాలేజీలు సర్దుకోవడానికి 1978 జూలై దాకా గడువు పెట్టింది. ఇప్పుడు మళ్లీ ఆ బత్తా సంగతికి వద్దాం. హచిన్స్, ఆమె తోటి ఆటగాళ్లు కోర్టుకెక్కింది 1978-79 సీజన్‌లో. అంటే గడువు ముగిశాక వచ్చిన తొలి బాస్కెట్‌బాల్ సీజన్ అది. ఇక ఆగాల్సిన అవసరం లేదని వాళ్లకు తెలుసు. బత్తాలో తేడా చూపకూడదని 1979లో కోర్టు తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చింది. ‘హచిన్స్ వర్సెస్ బోర్డ్ ఆఫ్ ట్రస్టీస్ ఆఫ్ మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ’ అన్న పేరుతో ఆ కేసు అమెరికా న్యాయ రికార్డుల్లో ఉంది.

ఒక్కసారి ఆ అమ్మాయి స్థానంలో నిలబడి ఆలోచించండి. తాను చదువుతున్న యూనివర్సిటీ మీద, తన పేరుతో కేసు. డిగ్రీ చేతికి రావాల్సిన ఏడాది. పైగా అదే సమయంలో ఆ యూనివర్సిటీ మగపిల్లల జట్టు దేశమంతా మారుమోగుతోంది. ఆ సందడి మధ్య ‘మా భోజనం బత్తా తక్కువ’ అంటే వినేవాళ్లు ఎందరు? అయినా అడిగింది. ఆమె కెరీర్ మొత్తంలో నాకు అన్నిటికంటే పెద్దగా కనిపించేది ఈ అడగడమే.

కోచ్ ఉద్యోగం ఎలా వచ్చింది

హచిన్స్ 1957లో మిషిగన్ రాష్ట్ర రాజధాని లాన్సింగ్‌లో పుట్టారు. యూనివర్సిటీ ఆ పక్కనే, ఈస్ట్ లాన్సింగ్‌లో. అక్కడ ఆమె బాస్కెట్‌బాల్, సాఫ్ట్‌బాల్ రెండూ ఆడారు. సాఫ్ట్‌బాల్‌లో ఆమె షార్ట్‌స్టాప్, అంటే రెండో బేస్‌కూ మూడో బేస్‌కూ మధ్య కాపు కాసే ఫీల్డర్. క్రికెట్‌లో పాయింట్‌లో చురుకైన ఫీల్డర్‌ని పెట్టినట్టు, ఇక్కడ జట్టులో చేతులూ కాళ్లూ బాగా కదిలే మనిషిని పెడతారు. 1976లో ఆ జట్టు నెబ్రాస్కాలోని ఒమాహాలో జరిగిన జాతీయ పోటీల్లో చాంపియన్ అయింది. ఈ 1976 గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

ఆ పోటీలు ఇప్పుడు అమెరికా కాలేజీ క్రీడల్ని నడిపే ఎన్‌సీఏఏ అనే సంస్థ నడిపినవి కావు. అప్పట్లో ఆడపిల్లల కాలేజీ క్రీడలను చూసుకోవడానికి ఏఐఏడబ్ల్యూ అనే వేరే సంస్థ ఉండేది. దాన్ని నడిపింది కాలేజీల్లోని మహిళా వ్యాయామ అధ్యాపకులు. ఎన్‌సీఏఏకి చాలాకాలం ఆడపిల్లల ఆటల మీద ఆసక్తి లేదు. టైటిల్ 9 వల్ల వాటిలోకి డబ్బు రావడం మొదలయ్యాక 1981-82లో తానే ఆడపిల్లల చాంపియన్‌షిప్‌లు పెట్టింది. ఏఐఏడబ్ల్యూ ఆ పోటీకి నిలవలేక మూతపడింది. దీనివల్ల మంచీ జరిగింది, చెడూ జరిగింది. డబ్బు, టీవీ వచ్చాయి. తమ ఆటను తామే నడుపుకున్న మహిళల చేతి నుంచి పగ్గాలు జారిపోయాయి. దాని ప్రభావం గురించి కింద చెప్తాను.

హచిన్స్ సరిగ్గా ఈ మలుపు దగ్గరే ఉద్యోగంలోకి వచ్చారు. 1979లో డిగ్రీ, 1981లో ఇండియానా యూనివర్సిటీలో మాస్టర్స్. 1982లో మిషిగన్‌లోనే ఫెరిస్ స్టేట్ అనే చిన్న కాలేజీలో హెడ్ కోచ్‌గా ఒక్క సీజన్. 1983, 84లో ఆన్ ఆర్బర్‌లోని యూనివర్సిటీ ఆఫ్ మిషిగన్‌లో అసిస్టెంట్. 1985 నుంచి అక్కడే హెడ్ కోచ్. అంటే తాను చదివి, దావా వేసిన యూనివర్సిటీకి బద్ధ ప్రత్యర్థి దగ్గర చేరారు. మిషిగన్ జనానికి ఈ రెండు యూనివర్సిటీల పోటీ ఇంటి గొడవ లాంటిది, ఒకే కుటుంబంలో అన్నయ్యది ఒక జట్టు, చెల్లెలిది ఇంకో జట్టు.

అప్పటికి ఆన్ ఆర్బర్‌లో సాఫ్ట్‌బాల్ కొత్త. 1978లోనే అది యూనివర్సిటీ అధికారిక జట్టు అయింది. ఆ రోజుల్లో ఇలాంటి జట్ల కోచ్‌లు మైదానం చదును చేసుకోవడం, గీతలు గీసుకోవడం, ఆఫీసు ఉత్తరాలు టైపు చేసుకోవడం అన్నీ తామే చేసేవాళ్లు. హచిన్స్ కూడా ఆ దారిలో వచ్చినవారే. మన స్కూళ్లలో పీఈటీ సారు పొద్దున్నే వచ్చి సున్నంతో ట్రాక్ గీసి, నెట్ కట్టి, పిల్లల్ని ఆడించి, సాయంత్రం బాల్స్ లెక్కపెట్టి గదిలో పెట్టి తాళం వేసుకుని వెళ్తారే, ఆ పని తీరే ఇది.

ఇప్పుడు ఆ ఉద్యోగం వేరు. డివిజన్ 1 కోచ్ అంటే ఆట నేర్పించడం పనిలో ఒక వంతే. దేశమంతా తిరిగి హైస్కూల్ పిల్లల్ని చూసి ఎంచుకోవాలి. ఎవరికి ఎంత స్కాలర్‌షిప్ అన్నది తేల్చాలి. 50కి పైగా మ్యాచ్‌ల షెడ్యూల్ కుదర్చాలి. పిల్లల మార్కులు తగ్గకుండా చూడాలి, ఎందుకంటే మార్కులు తగ్గితే ఆడనివ్వరు. పూర్వ విద్యార్థులతో మాట్లాడి విరాళాలు తేవాలి. ఈ ఉద్యోగం ఇంత పెద్దది అవుతున్న 38 ఏళ్లూ హచిన్స్ ఆ కుర్చీలోనే ఉన్నారు. ఆ 38 సీజన్లలో ఒక్కదానిలో కూడా ఆమె జట్టుకు గెలుపుల కంటే ఓటములు ఎక్కువ లేవు.

మంచు, నది

1,707 అన్న అంకెను సగటు చేస్తే సీజన్‌కు దాదాపు 44 విజయాలు. పెద్ద సంఖ్యే. కానీ ఆమె గెలిచిన జాతీయ టైటిల్ ఒక్కటి, 2005లో. అరిజోనా కోచ్ మైక్ కాండ్రియాకు ఎనిమిది టైటిళ్లు, 1,674 విజయాలు. ఓక్లహోమా కోచ్ ప్యాటీ గాసోకు ఎనిమిది టైటిళ్లు, అందులో 2021 నుంచి 2024 దాకా వరసగా నాలుగు. అలాంటప్పుడు ఒక్క టైటిల్ ఉన్న కోచ్‌ని వాళ్ల సరసన ఎందుకు నిలబెడతారు? ఈ ప్రశ్న న్యాయమైనదే.

జవాబులో ముఖ్యమైన భాగం వాతావరణం. కాలేజీ సాఫ్ట్‌బాల్ సీజన్ ఫిబ్రవరిలో మొదలవుతుంది. కాలిఫోర్నియా, అరిజోనాలో అప్పుడు ఎండ ఉంటుంది. పిల్లలు అక్కడ ఏడాది పొడవునా బయట మట్టి మీద ఆడుకుంటారు. ఆన్ ఆర్బర్‌లో ఫిబ్రవరి అంటే మోకాళ్ల దాకా మంచు. మిషిగన్ జట్టు ఇండోర్ హాల్లో ప్రాక్టీస్ చేసి, వారం వారం ఫ్లోరిడాకో కాలిఫోర్నియాకో వెళ్లి ఆడాలి. సొంత మైదానంలో మొదటి మ్యాచ్ మామూలుగా మార్చి సగం దాటాకే. అంటే ప్రతి ఏడాదీ సీజన్‌లో మొదటి నెలంతా పరాయి ఊళ్లలోనే గడుస్తుంది. క్లాసులు, పరీక్షలు, విమానాలు, మోటెళ్లు. ఇక ఆటగాళ్ల ఎంపిక సంగతి చెప్పనక్కర్లేదు. లాస్ ఏంజిలిస్‌లో పెరిగిన మంచి పిచర్‌కు ఎండను వదిలి మంచులోకి రమ్మని చెప్పి ఒప్పించాలి.

చరిత్ర చూస్తే ఈ వాతావరణం ఎంత పెద్ద అడ్డంకో తెలుస్తుంది. మిసిసిపీ నది అమెరికాను ఉత్తరం నుంచి దక్షిణానికి రెండుగా చీలుస్తూ పారుతుంది. కాలేజీ సాఫ్ట్‌బాల్ జాతీయ పోటీలు 1969లో మొదలయ్యాయి. అప్పటి నుంచి 2004 దాకా వచ్చిన చాంపియన్లందరి పేర్లూ వరసగా చూడండి. యూసీఎల్ఏ, అరిజోనా, టెక్సస్ ఏ అండ్ ఎం, ఫ్రెస్నో స్టేట్, ఓక్లహోమా, ఇలా దాదాపు అన్నీ నదికి పడమటి జట్లే. తూర్పు వైపు నుంచి గెలిచిన జట్టు ఒక్కటే ఒక్కటి. 1976లో మిషిగన్ స్టేట్. ఆ జట్టులో షార్ట్‌స్టాప్ హచిన్స్.

తూర్పు వైపు జట్టు మళ్లీ గెలవడానికి 29 ఏళ్లు పట్టింది. ఈసారి యూనివర్సిటీ ఆఫ్ మిషిగన్, 2005లో. కోచ్ హచిన్స్. నదికి తూర్పు వైపు వచ్చిన మొదటి రెండు టైటిళ్లలోనూ, ఒకసారి ఆటగాడి చొక్కాలో, ఒకసారి కోచ్ చొక్కాలో ఉన్నది ఒకే మనిషి. ఎన్‌సీఏఏ రికార్డుల్లో ‘తూర్పు నుంచి తొలి చాంపియన్’గా 2005 మిషిగన్ పేరే చెప్తారు, ఎందుకంటే 1976 నాటికి ఆడపిల్లల పోటీలు ఎన్‌సీఏఏవి కావు. ఆ సంస్థ కంటే ముందు ఆడిన ఆడపిల్లల గెలుపులు ఇలా లెక్కల పుస్తకంలోంచి పక్కకు పోవడం నాకు బాధగా అనిపిస్తుంది. ఆ పోటీలు జరిగినవే, ఆ పతకాలు నిజమైనవే.

2005 ఫైనల్ గురించి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. ఎదురుగా ఉన్నది అంతకుముందు రెండేళ్లూ చాంపియన్ అయిన యూసీఎల్ఏ. ఫైనల్‌ను మూడు మ్యాచ్‌ల సిరీస్‌గా ఆడించడం ఆ ఏడాదే మొదలైంది. ఓక్లహోమా సిటీలో మొదటి మ్యాచ్ మిషిగన్ ఓడింది. రెండోది గెలిచింది. మూడోది ఏడు ఇన్నింగ్స్ అయ్యేసరికి 1-1. ఎనిమిది, తొమ్మిది కూడా గడిచాయి. పదో ఇన్నింగ్స్‌లో మొదటి ఏడాది చదువుతున్న సమాంథా ఫిండ్లీ బంతిని కంచె దాటించి మూడు పరుగుల హోమ్‌రన్ కొట్టింది. 4-1. ఆ ఏడాది మిషిగన్ మొత్తం 65 గెలిచి 7 మాత్రమే ఓడింది. పదేళ్ల తర్వాత 2015లో మళ్లీ ఫైనల్‌కు వెళ్లి, సిరీస్‌లో మూడో మ్యాచ్ దాకా పోరాడి ఫ్లోరిడా చేతిలో ఓడిపోయారు. హచిన్స్ మిషిగన్ జట్టును ‘విమెన్స్ కాలేజ్ వరల్డ్ సిరీస్’ అనే ఈ ఆఖరి ఎనిమిది జట్ల పోటీకి 12 సార్లు తీసుకెళ్లారు. మంచు కురిసే ఊరి నుంచి 12 సార్లు.

కాబట్టి టైటిళ్లను మాత్రమే పోల్చడం సరికాదు. అలాగని కాండ్రియా, గాసో సాధించినదాన్ని తక్కువ చేయడమూ సరికాదు. కాండ్రియా 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో అమెరికాకు స్వర్ణం తెచ్చిన కోచ్. ఆ పోటీలకు కొద్ది వారాల ముందే ఆయన భార్య హఠాత్తుగా చనిపోయారు. అయినా జట్టుతో వెళ్లారు, ఆ జట్టు పోటీ మొత్తంలో 51 పరుగులు చేసి ఒక్కటంటే ఒక్క పరుగు ఇచ్చింది. గాసో 1995 సీజన్‌కు ఓక్లహోమాలో చేరినప్పుడు జట్టుకు సొంత స్టేడియం కూడా లేదు, ఊరి పార్కులో ఆడేవాళ్లు. 2024లో 4,200 సీట్ల స్టేడియం తెరిచారు. ప్రతి పెద్ద కోచ్ వెనకా ఇలాంటి కథ ఒకటి ఉంటుంది. అంకెలు పక్కపక్కన పెట్టినప్పుడు ఆ కథల్ని కూడా వాటితో కలిపి చూడమనే నేను అడిగేది.

డబ్బు వచ్చింది, ఆడవాళ్లు తగ్గారు

ఈ మొత్తం కథలో బాగా చిక్కుపడిన ముడి ఇది. టైటిల్ 9 వచ్చినప్పుడు అమెరికాలో 3 లక్షల లోపు ఆడపిల్లలు హైస్కూల్ జట్లలో ఆడేవారు. ఇప్పుడు ఆ సంఖ్య 30 లక్షలు దాటింది. ఆడే అవకాశం పదింతలు పెరిగింది. మరి కోచ్‌ల సంగతి? 1972లో కాలేజీ ఆడపిల్లల జట్లకు కోచ్‌లుగా ఉన్నవాళ్లలో 90 శాతానికి పైగా మహిళలే. ఇప్పుడు 40 శాతానికి కాస్త పైన మాత్రమే.

ఆడపిల్లల కోసం వచ్చిన చట్టం తర్వాత మహిళా కోచ్‌ల వాటా సగానికి పైగా ఎలా పడిపోయింది? 1972కు ముందు ఆ కోచ్ పనికి జీతం లేదు, ఉన్నా నామమాత్రం. మగవాళ్లెవరూ దానికోసం పోటీపడలేదు. చట్టం వల్ల జీతం, స్కాలర్‌షిప్పులు, పరువు వచ్చాయి. అప్పుడు మగవాళ్లూ దరఖాస్తు చేయడం మొదలుపెట్టారు. అదే సమయంలో చాలా యూనివర్సిటీలు ఆడ, మగ క్రీడా విభాగాలను కలిపేశాయి. కలిపిన విభాగానికి అధిపతి దాదాపు ఎప్పుడూ మగవారే. వాళ్లు తమకు తెలిసినవాళ్లను తీసుకున్నారు. ఏఐఏడబ్ల్యూ మూతపడటం కూడా ఇందులో భాగమే. ఆడపిల్లల జట్లకు మగవాళ్లు కోచ్‌లు అవుతారు, కానీ మగపిల్లల జట్లకు మహిళలు కోచ్‌లు కావడం ఇప్పటికీ అరుదు. దారి ఒకవైపే తెరిచి ఉంది.

మిగతా ఆటలతో పోలిస్తే సాఫ్ట్‌బాల్‌లో మహిళా కోచ్‌ల వాటా మెరుగే. దానికి హచిన్స్ లాంటివాళ్లు దశాబ్దాల పాటు ఆ స్థానాల్లో నిలబడి ఉండటం ఒక కారణమని నా నమ్మకం. ఆడపిల్లలకు తమను నడిపించే చోట ఆడవాళ్లు కనిపించాలని ఆమె బహిరంగంగా, పదేపదే చెప్తూ వచ్చారు. 2016లో ఫ్రెస్నో స్టేట్ కోచ్ మార్జీ రైట్ విజయాల రికార్డు దాటినప్పుడూ, 2022లో కాండ్రియా సంఖ్యను దాటినప్పుడూ ఆమె దగ్గరికి మైకులు వచ్చాయి. అలాంటి మైకుల ముందు టైటిల్ 9 గురించి మాట్లాడే కోచ్‌గా ఆమెకు పేరు.

చాలామందికి తట్టే ఇంకో ప్రశ్న. అమెరికా యూనివర్సిటీలు సాఫ్ట్‌బాల్ మీద ఎందుకు ఇంత ఖర్చు పెడతాయి? అందులో చాలాచోట్ల లాభం రాదు కదా? దీనికి జవాబు అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఉంది, అది మన ఫుట్‌బాల్ కాదు. అక్కడి ఫుట్‌బాల్ జట్టుకు డివిజన్ 1 పెద్ద యూనివర్సిటీల్లో చాలా ఏళ్లు 85 పూర్తి స్కాలర్‌షిప్పులు ఉండేవి, అన్నీ మగపిల్లలకే. దానికి సమానమైన ఆడపిల్లల ఆట లేదు. చట్టం ప్రకారం రెండు వైపులా అవకాశాలు సరితూగాలి. అందుకే యూనివర్సిటీలు సాఫ్ట్‌బాల్, రోయింగ్, సాకర్ (మన ఫుట్‌బాల్) లాంటి ఆడపిల్లల జట్లను పెట్టాయి. ఇవాళ డివిజన్ 1లో దాదాపు 300 సాఫ్ట్‌బాల్ జట్లు ఉన్నాయంటే, ఆట మీద ప్రేమతో పాటు ఈ తూకం కూడా కారణం.

డెట్రాయిట్ చుట్టుపక్కల నోవై, ట్రాయ్, ఫార్మింగ్టన్ హిల్స్ లాంటి ఊళ్లలో మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆన్ ఆర్బర్ అక్కడికి గంట లోపు దారి. స్కూల్లో సాఫ్ట్‌బాల్ ఆడే అమ్మాయి ఉన్న ఇంట్లో అమ్మానాన్నలకు మొదట వచ్చే సందేహం, ‘దీంతో కాలేజీ ఫీజు అంతా కలిసొస్తుందా?’ అన్నదే. చాలా ఏళ్లు ఒక జట్టుకు 12 పూర్తి స్కాలర్‌షిప్పులకు సమానమైన డబ్బే ఇవ్వడానికి వీలుండేది. జట్టులో 20 మందికి పైగా ఉంటారు. కోచ్ ఆ 12ను ముక్కలు చేసి పంచేవారు, ఒకరికి సగం, ఒకరికి పావు, ఒకరికి పుస్తకాల ఖర్చు. ఒక పెద్ద కోర్టు సెటిల్‌మెంట్ తర్వాత 2025-26 నుంచి, దాన్ని అంగీకరించిన యూనివర్సిటీలకు ఆ 12 పరిమితి పోయింది. దాని బదులు జట్టులో 25 మందే ఉండాలన్న పరిమితి వచ్చింది. డబ్బున్న చోట స్కాలర్‌షిప్పులు పెరుగుతాయి. కానీ ఇరవై ఆరో అమ్మాయికి, అంటే డబ్బు అక్కర్లేదు ఆడనిస్తే చాలు అనుకునే అమ్మాయికి చోటు పోతుంది. పిల్లల భవిష్యత్తు గురించి ఆలోచించే తల్లిదండ్రులు ఈ రెండూ కలిపి చూసుకోవాలి.

2021 జూలై నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు మీద, ఫొటో మీద ప్రకటనల డబ్బు తీసుకోవచ్చు. 2024లో స్టాన్‌ఫర్డ్ నుంచి టెక్సస్ టెక్‌కు మారిన పిచర్ నైజరీ కనాడీకి ఒక్క ఏడాదికి పది లక్షల డాలర్లు దాటిన ఒప్పందం కుదిరింది. రోజుకు 5 డాలర్ల తేడా మీద కోర్టుకెళ్లిన ఆట లోకం నుంచి, 45 ఏళ్లలో ఇక్కడికి వచ్చాం. ఆ డబ్బు కొద్ది జట్ల దగ్గరే పోగుపడుతుందేమోనన్న టెన్షన్ చిన్న కాలేజీల కోచ్‌లలో ఉంది, అది నిజమైన టెన్షనే. అయినా ఒక ఆడపిల్ల విసిరే బంతికి అంత విలువ కట్టడం చూసి నాకు సంతోషంగానే ఉంది.

హచిన్స్ రిటైర్ అయినప్పుడు మిషిగన్ యూనివర్సిటీ కొత్త కోచ్ కోసం ఎక్కువ రోజులు వెతకలేదు. ఆ కుర్చీ బానీ థోల్‌కు ఇచ్చింది. ఆమె 1988 నుంచి 1991 దాకా హచిన్స్ కింద ఆడిన అమ్మాయి. ఆ తర్వాత దాదాపు మూడు దశాబ్దాలు హచిన్స్ పక్కనే అసిస్టెంట్‌గా పనిచేశారు. వేరేచోట హెడ్ కోచ్‌గా వెళ్లే దారి ఉన్నా, ఆన్ ఆర్బర్ మంచులోనే ఉండిపోయారు. ఇప్పుడు ఫిబ్రవరిలో ఇండోర్ హాల్లో ప్రాక్టీస్ ముగించి, జట్టును ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్లే బస్సులో ముందు సీటు ఆమెది.